జెండా పాట వేరు, తక్‌పట్టీ వేరు

తల్లీ,

మీ సంఘం ఇప్పపువ్వు లడ్డూల వీడియోను లక్ష మందికి పైగా చూశారని మీ అమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది. నేనూ చూశాను. లడ్డూ విరిచి లోపలి నువ్వులూ బెల్లమూ చూపించావే, అక్కడ బాగుంది. వెనకాల ఆ సినిమా పాట లేకుండా పొయ్యి చిటపటలూ ఆడవాళ్ళ మాటలూ వినిపించి ఉంటే ఇంకా బాగుండేదని నాకనిపించింది గాని, అది ముసలి చెవుల గొడవ, పట్టించుకోకు. వీడియో అయిపోయాక మీ అమ్మను ఒక్కటే అడిగాను, ఆర్డర్లు ఎన్ని వచ్చాయని. తనకు తెలియదంది. నీకు తెలిసే ఉంటుంది. ఈ సంగతే నీతో మాట్లాడాలని రాస్తున్నాను. ఫోన్లో చెప్తే "సరే తాతయ్యా, సరే తాతయ్యా" అంటూనే మధ్యలో ఇంకెవరికో మెసేజ్ పెట్టుకుంటావు. కాగితమైతే కుదురుగా చదువుతావని ఆశ.

నా బతుకంతా ఖమ్మం మిర్చి యార్డులో అడ్తి దుకాణం గుమస్తాగిరీతో గడిచింది. అక్కడ పొద్దున్నే జెండా పాట జరుగుతుంది. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన ఒక లాట్ దగ్గర జెండా పెట్టి వేలం పాడతారు. మార్కెట్ అధికారులుంటారు, ఖరీదుదారులుంటారు, చుట్టూ రైతులు మెడలు చాచుకుని ఉంటారు. ఆఖరున ఆగిన ధరే ఆ రోజుకు జెండా పాట. పేపర్లో అచ్చయ్యేది అదే. ఇప్పుడైతే పాట ముగిసీ ముగియకముందే వాట్సాప్‌లో చర్ల దాకా, వెంకటాపురం దాకా పాకేదీ అదే. దుమ్ముగూడెం దగ్గర కల్లంలో తేజా కాయ ఆరబోసుకున్న రైతు ఆ అంకె చూసుకుని రాత్రికి బండి మాట్లాడుకుంటాడు. తీరా యార్డులో దించాక ఖరీదుదారు బస్తాలో చెయ్యి పెట్టి కాయ విరుస్తాడు. తేమ ఉందంటాడు, తాలు కలిసిందంటాడు, రంగు తగ్గిందంటాడు. జెండా పాట ఆ ఒక్క లాట్‌కు పలికిన ధర. రైతు జేబులో పెట్టుకుని ఇంటికి పోయేది తక్‌పట్టీ మీద, అంటే తన సరుకు అమ్మకం చిట్టీ మీద, రాసిన ధర. రెండింటికీ మధ్య వేలల్లో తేడా వచ్చిన రోజులున్నాయి. ఆ తేడా చూసుకుని యార్డు అరుగు మీద కూలబడ్డ మనుషులకు మంచినీళ్ళు ఇచ్చినవాణ్ణి నేను.

నీ లక్ష వ్యూలు జెండా పాట. నీ తక్‌పట్టీ వేరే ఉంది. చూసినవాళ్ళలో ఎంతమంది ధర అడిగారు, అడిగినవాళ్ళలో ఎంతమంది డబ్బు కట్టారు, పంపిన డబ్బాల్లో ఎన్ని పగలకుండా చేరాయి, తిన్నవాళ్ళలో ఎంతమంది మళ్ళీ కావాలన్నారు. ఈ ఆఖరి లెక్క చాలామంది రాసుకోరు. మీ సంఘాన్ని నిలబెట్టేది అదే. రీలు చూసి మొదటిసారి కొనేది సరదాకు. రెండోసారి కొనేది రుచికి. ఫోను నీకు వ్యూలే పెద్ద అక్షరాల్లో చూపిస్తుంది, ఎందుకంటే నువ్వు మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకుంటే ఆ కంపెనీకి లాభం. రెండోసారి కొన్నవాళ్ళ లెక్క అది చూపించదు. అది నువ్వే నోటు పుస్తకంలో రాసుకోవాలి, వారం వారం.

ఇంటర్నెట్‌ను తిడుతున్నానని అనుకోకు. ధర తెలియని రైతును మోసం చేయడం ఎంత తేలికో దగ్గరుండి చూసినవాణ్ణి. వెనకటి రోజుల్లో బండి యార్డుకు చేరేదాకా ధర తెలిసేది కాదు. చేరాక తిరిగి తీసుకుపోలేరు, కిరాయి దండగ. ఆ సంగతి కొనేవాడికి తెలుసు. రేడియోలో బజారు ధరలు చెప్పేవాళ్ళు గాని అవి నిన్నటివి. 2016 ఏప్రిల్ 14న ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడు, కంప్యూటర్ మీద ధర వేస్తారట అని యార్డులో నవ్వినవాళ్ళే తర్వాత ఫోన్లలో దేశమంతటి ధరలు చూసుకోవడం మొదలుపెట్టారు. కబురు చేరడం మంచిదే. కబురు అందరికీ ఒక్కసారే చేరితే ఏమవుతుందన్నది రెండో సంగతి. 2016లో మిర్చికి మంచి ధర పలికిందని తెలిసి, ఆ వానాకాలం ఎవరికి వారే మిర్చి వేశారు. 2017లో ధర కూలిపోయింది. ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో రైతుల కోపం ఎలా బద్దలైందో, ఆ తర్వాత రైతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్ళిన ఫోటో దేశమంతా ఎలా తిరిగిందో నీకు గుర్తుండకపోవచ్చు, స్కూల్లో ఉన్నావు. క్వింటాకు 5,000 రూపాయలకు కొంటామని మే మొదట్లో కేంద్రం ప్రకటించేసరికే చాలామంది సరుకు అమ్ముకుని పోయారు. యార్డు గొడవ కబురు ఫోన్లలో తిరగకపోతే ఆ ప్రకటనైనా అంత తొందరగా వచ్చేదా అని నాకు ఇప్పటికీ అనుమానమే. చూశావా, ఫోను రెండు పనులూ చేసింది.

నీ లడ్డూల సంగతీ అంతే. నీ వీడియో ఆడిందంటే నెల తిరిగేసరికి ఇప్పపువ్వు లడ్డూ పేజీలు పది పుట్టుకొస్తాయి. వాటిలో సగం పేజీల వాళ్ళు ఇప్పచెట్టు కూడా చూసి ఉండరు. వాళ్ళతో ధరలో పోటీ పడకు. పువ్వు కాలం తెలిసిన మనుషులు మీరు. ఇప్పపువ్వు వేసవి మొదట్లో కొద్ది వారాలే రాలుతుంది. రాత్రి రాలిన పువ్వును తెల్లవారకముందే వెళ్ళి ఏరుకోవాలి, ఎండకు ఆరబెట్టాలి, వాన పడితే పోయినట్టే. ఆ ఏరిన దాన్ని బట్టి ఏడాదికి ఎన్ని లడ్డూలవుతాయో మీ సంఘంలో పెద్దామె వేళ్ళ మీద చెప్పగలదు. ఆ లెక్కకు మించి ఒక్క డబ్బా ఒప్పుకోకు. "స్టాక్ అయిపోయింది, వచ్చే పువ్వు దాకా ఆగండి" అని పేజీలో పెట్టడానికి సిగ్గుపడకు. పెద్ద కంపెనీకి ఆ మాట నష్టం. నీకు అది అడవి సరుకే అన్నదానికి రుజువు.

మన దగ్గరి ఉదాహరణే చెప్తాను. భద్రాచలం ఆడవాళ్ళు చిరుధాన్యాల బిస్కెట్లు చేసి 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' అని పేరు పెట్టారు. 2025 జూన్ 29న ప్రధాని 'మన్ కీ బాత్'లో ఆ పేరు చెప్పారు. నిన్నమొన్నటి దాకా పొలాల్లో కూలికి పోయిన ఆడవాళ్ళు చేసే బిస్కెట్లు హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళ్తున్నాయని, వాళ్ళే 'గిరి' పేరుతో శానిటరీ ప్యాడ్లు చేసి మూడు నెలల్లో 40,000 తయారుచేశారని అన్నారు. నాకు రెండో ముక్క ఎక్కువ నచ్చింది. ఆ ప్యాడ్లు దగ్గరి బడులకూ ఆఫీసులకూ పోయాయి. లండన్ అంటే గొప్పగా ఉంటుంది గాని, పక్క ఊరి హాస్టల్‌కు నెలనెలా పోయే సరుకు ఇంటి అద్దె కడుతుంది. నీ రీళ్ళలో అమెరికా ఆర్డర్ ప్యాక్ చేస్తున్న వీడియోలే ఎక్కువ కనపడుతున్నాయి. రామయ్య దర్శనానికి వచ్చి సారపాక దాటి భద్రాచలం చేరే యాత్రికుడు నీకు ఎంత దగ్గరి కొనుగోలుదారో చూడు. వాడికి కొరియర్ ఖర్చు లేదు, రుచి చూసి కొంటాడు, ఊరికి పోయి చెప్తాడు.

రామయ్య మాట వచ్చింది గనక ముత్యాల తలంబ్రాల సంగతి చెప్పాలి. 2022 నుంచి ఆర్టీసీ కార్గో వాళ్ళు దేవాదాయ శాఖతో కలిసి, నవమికి రాలేని భక్తులకు తలంబ్రాలు ఇంటికే చేరవేస్తున్నారు. 2024లో 151 రూపాయలు కట్టించుకున్నారు. ఫోన్లో కట్టొచ్చు, డిపో కౌంటర్లోనూ కట్టొచ్చు. వేలకు వేల మంది కట్టారు. మార్కెటింగ్ చదివిన కుర్రాళ్ళు దీన్ని గొప్ప డిజిటల్ ప్రచారం అంటారు. నేనైతే అలా అనను. భద్రాద్రి కల్యాణం మీద మూడు వందల ఏళ్ళకు పైగా ఉన్న నమ్మకం ఒకటి, ఊరూరా తిరిగే ఎర్రబస్సు మీద ఉన్న నమ్మకం ఇంకొకటి. ఇంటర్నెట్ ఆ రెండింటినీ కలిపింది, అంతే. నమ్మకం ముందే ఉన్న చోట ఫోను అద్భుతంగా పనిచేస్తుంది. లేనిచోట అరుస్తుంది.

మరి నీకు నమ్మకం ఎక్కణ్ణుంచి రావాలి? సంతలో అయితే కొనేవాడు వాసన చూస్తాడు, నోట్లో వేసుకుంటాడు, బాగాలేకపోతే వచ్చే వారం అదే చోటికి వచ్చి నలుగురిలో నిలదీస్తాడు. అమ్మేవాళ్ళను నిక్కచ్చిగా ఉంచేది ఆ నిలదీతే. హైదరాబాద్‌లో కూర్చుని ఆర్డరు పెట్టిన ఆమెకు ఆ మూడూ లేవు. అవి నువ్వే ఆమెకు ఇవ్వాలి. డబ్బా మీద చేసిన తేదీ, తూకం, ఏమేం కలిపారో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయి. ఆహార సరుకు గనక ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పద్నాలుగు అంకెల నంబరు తప్పకుండా ఉండాలి. చిన్న సంఘానికి పెద్ద ఖర్చేమీ కాదు. బాగాలేదని ఎవరైనా కామెంట్ పెడితే చెరిపెయ్యకు. అందరికీ కనపడేలా జవాబు చెప్పు. 2025 ఏప్రిల్‌లో పచ్చళ్ళ ధర ఎక్కువని మెసేజ్ పెట్టినవాణ్ణి తిట్టిన వాయిస్ ఒకటి రెండు రాష్ట్రాల్లోనూ మార్మోగిపోయింది కదా, నువ్వే వినిపించావు నాకు. సంతలో తిట్టిన తిట్టు సాయంత్రానికి గాలికి పోయేది. వాట్సాప్‌లో తిట్టింది పోదు. రాత్రి పదింటికి అలసిపోయి ఉన్నప్పుడు కస్టమర్లకు జవాబులు పెట్టకు. పొద్దున పెట్టు, ఎవరూ చచ్చిపోరు.

తేనె కూడా అమ్ముదామని నీ స్నేహితులు అంటున్నారట. ఇక్కడ కాస్త ఆగి విను. ఏజెన్సీలో అడవి సరుకును ఎవరు పడితే వాళ్ళు కొని అమ్మడానికి లేదు. 1979 నాటి రెగ్యులేషన్ ప్రకారం ఆ కొనుగోలు గిరిజన సహకార సంస్థది, అంటే జీసీసీది. 1956లో పుట్టిన జీసీసీ తపసి బంక, చిల్లగింజలు, చింతపండు, తేనె సంతల్లో కొంటూ వచ్చిందంటే దాని వెనక కారణం ఉంది: ఉప్పుకూ గుడ్డముక్కకూ అడవి సరుకు దోచుకుపోయే షావుకార్ల నుంచి కాపాడటం. 2006 అటవీ హక్కుల చట్టం ఆ సరుకును ఏరుకుని అమ్ముకునే హక్కు ఆదివాసులకు ఇచ్చింది. మీ సంఘం కోయ ఆడవాళ్ళది, నువ్వు వాళ్ళ ఫోను చూసే పిల్లవు. ఆ గీత దాటి "నేను కొంటాను, నేను అమ్ముతాను" అన్న రోజు కథ మారిపోతుంది. ఐటీడీఏ ఆఫీసుకు వెళ్ళి కాగితాలు అడిగి తెలుసుకుని మొదలుపెట్టండి.

ఇక తేనె స్వభావం. కొండతేనె ఒక ఏడు నల్లగా, ఒక ఏడు లేత రంగులో ఉంటుంది. ఆ ఏడు పూసిన పువ్వును బట్టి. అడవి తేనె కాస్త పల్చగానే ఉంటుంది. చలికి పేరుకుంటుంది కూడా. పట్నంలో పేరుకున్న తేనె చూసి చక్కెర కలిపారంటారు. వాళ్ళ అనుమానం ఊరికే రాలేదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయించి, ఎక్కువ వాటిలో చక్కెర పాకం కలిసిందని బయటపెట్టింది. అందుకని అమ్మకముందే చెప్పు: ఇది పేరుకుంటుంది, రంగు మారుతుంది, కారణం ఇది అని. అమ్మాక చెప్తే అదే మాట సాకు అవుతుంది. ఇంకొకటి, "షుగర్ తగ్గుతుంది, రక్తం పడుతుంది" అని మాత్రం రీళ్ళలో అనకు. లడ్డూ లడ్డూయే, మందు కాదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల దాకా జరిమానా ఉంది. మళ్ళీ చేస్తే యాభై లక్షలు.

నీ పేజీకి మనుషులు పెరిగిన కొద్దీ ఎవరెవరో డబ్బిస్తామని వస్తారు. మా యాప్ గురించి ముప్పై సెకన్లు చెప్పు చాలంటారు. బెట్టింగ్ యాపులను మెచ్చుకుంటూ వీడియోలు చేసిన పేరున్నవాళ్ళ మీద 2025 మార్చిలో హైదరాబాద్ పోలీసులు కేసులు పెట్టారు. తెలంగాణలో ఆ జూదానికి 2017 నుంచే నిషేధం ఉంది. 2025 ఆగస్టులో కేంద్రమూ చట్టం చేసింది. చట్టం సంగతి అలా ఉంచు. చర్ల రోడ్డులో ఏ కల్లు దుకాణం ముందు కూర్చున్న కుర్రాణ్ణయినా అడుగు, మిర్చి కూలి డబ్బులు ఎక్కడ పెట్టావురా అని. ఈ విషయంలో నీకు హితవు చెప్పడం లేదు తల్లీ, ఆజ్ఞ వేస్తున్నాను. వద్దు.

డబ్బు తీసుకుని ఏ మంచి సరుకు గురించి చెప్పినా సరే, అది ప్రకటన అని రాయి. 2023 జనవరిలో ప్రభుత్వం అడిగింది కూడా అదే.

నీ పేజీ నీది అనుకుంటున్నావు కదా, కాదు. 2020 జూన్ 29 రాత్రి టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు పల్లెల్లో పాటలు పాడి, ఆటలాడి లక్షల మందిని పోగేసుకున్నవాళ్ళకు తెల్లారేసరికి ఒక్క పేరు మిగల్లేదు. ఎవరు తమను చూసేవాళ్ళో వాళ్ళకే తెలియదు. నీ కొనుగోలుదారుల పేర్లూ ఊర్లూ నంబర్లూ వాళ్ళ అనుమతితో ఒక పుస్తకంలో రాసి సంఘం పెట్టెలో పెట్టు. రేపు ఇన్‌స్టాగ్రామ్ రూలు మార్చినా, పేజీ ఎవడో హ్యాక్ చేసినా, పుస్తకం చేతిలో ఉంటే మళ్ళీ మొదలుపెట్టొచ్చు. తొందరా వద్దు. జగిత్యాల దగ్గర లంబాడిపల్లిలో 'మై విలేజ్ షో' యూట్యూబ్ ఛానల్ 2012లో మొదలైంది. అందులో కనిపించే గంగవ్వను రాష్ట్రమంతా గుర్తుపట్టేసరికి ఏళ్ళు పట్టింది. ఆమె మాట తీరు ఎవరూ నేర్పింది కాదు, అందుకే నిలబడింది.

ఫోటోల దగ్గరకొస్తాను. మీ సంఘంలో ముసలామె ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన ఫోటో వాడావు. అడిగావా ఆమెను? అడిగితే ఒప్పుకునే ఉంటుంది, నువ్వంటే ఇష్టం గనక. కానీ అది ఎంతమంది చూస్తారో ఆమెకు తెలుసా? ఫోన్లో చూపించి, ఇది హైదరాబాద్‌లో, దుబాయ్‌లో చూస్తారని చెప్పి, అప్పుడు అడుగు. పిల్లల మొహాలు అసలే వద్దు. కొమ్ము నృత్యం పండక్కి ఆడేది. లడ్డూ అమ్మకానికి కొమ్ములు కట్టుకుని రమ్మని ఎవరినీ పిలవకు. వేల్పుల దగ్గర కెమెరా తీయకు. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది కదా. కోయల వంశచరిత్రలు, సమ్మక్క సారలమ్మల కథ డోలు మీద గంటల తరబడి పాడేవారు. 2024లో పోయారు. ఆ కథ ఎవరి ముందు పాడాలో, ఎప్పుడు పాడాలో ఒక వరస ఉంటుంది. ముప్పై సెకన్లకు కోసి తేనె సీసా మీద పెడితే వీడియో ఆడుతుందేమో గాని, ఆ ఇంటివాళ్ళు నిన్ను మళ్ళీ పిలవరు. ఇంకో చిన్న మాట: తేనెపట్టు ఏ కొండ మీద ఉందో, ఏ వాగు దగ్గర నీళ్ళు బాగుంటాయో లొకేషన్ పెట్టకు. బొగత జలపాతాన్ని తెలంగాణ నయాగరా అని ఫోన్లలో తిప్పాక ఎంత ప్లాస్టిక్ చేరిందో వాజేడు వాళ్ళను అడుగు.

కబురు చేరవేసే చెయ్యి జాగ్రత్తగా ఉండాలని ఈ గోదావరి ఒడ్డు వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. గోదావరి మట్టం 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీళ్ళు 71.3 అడుగులకు వచ్చాయి, 1986 నాటి 75.6 తర్వాత అంత చూడలేదు. అలాంటి రాత్రి ఒక తప్పు అంకె ఫార్వర్డ్ అయితే ఊళ్ళకు ఊళ్ళే చీకట్లో రోడ్డెక్కుతాయి. పాత వీడియో పంపితే నిజంగా నీళ్ళొచ్చిన ఊరికి పడవ పోదు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని వాట్సాప్‌లో పుకారు లేచి మన రాష్ట్రంలోనే అమాయకుల్ని కొట్టి చంపారు. అప్పుడు గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసుల్ని డప్పుతో పాటతో ఊరూరా పంపి ఆ పుకారును అణిచారు. ఫోన్లో వచ్చిన అబద్ధాన్ని దండోరా వేసి చెరపాల్సి వచ్చింది! వాట్సాప్ కంపెనీ ఆ జులైలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా మన దేశంలో కట్టడి పెట్టింది. మరోవైపు, 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుంటే, జేసీబీ నడిపే ఒకాయన వాళ్ళను ఒడ్డుకు తెచ్చాడు. అది దేశమంతా చూసింది ఫోన్ వీడియోలోనే. నీ పేజీని వేల మంది చూస్తారు గనక వరదొచ్చినప్పుడు కలెక్టరాఫీసు వాళ్ళు చెప్పిన మట్టం తప్ప ఇంకేదీ పెట్టకు. లడ్డూల ఆఫర్ కూడా ఆ మూడు రోజులు ఆపు.

చెప్పాలనుకున్న అసలు మాట ఇప్పుడు చెప్తాను. ఇంటర్నెట్ వచ్చి దళారిని తీసేసిందని మీటింగుల్లో అంటారు. నేను దళారీ వ్యవస్థ లోపల కూర్చుని పనిచేసినవాణ్ణి, నా మాట కాస్త నమ్ము. దళారి పోలేదు, చోటు మారాడు. యార్డులో గుమస్తాకు అంత విలువ ఎందుకు ఉండేది? రైతుకు చదువు రాదు, చిట్టీ మాకు చదవడం వచ్చు. తూకం దడ్వాయి చెప్తాడు, ధర ఖరీదుదారు చెప్తాడు, తరుగు ఎంతో మేం రాస్తాం. కాగితం ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళది. ఇవాళ మీ సంఘంలో ఆ కాగితం నీ ఫోను. ఆర్డరు ఎక్కణ్ణుంచి వచ్చిందో నీకే తెలుసు. డబ్బు పడిన చప్పుడు నీ ఫోన్లోనే మోగుతుంది. పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉంది. లడ్డూ చుట్టే ఆడవాళ్ళకు నువ్వు చెప్పిందే లెక్క. నువ్వు నిజాయితీ గల పిల్లవని నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. అయినా ఒక మనిషి మంచితనం మీద పదిహేను ఇళ్ళ కూడు ఆనుకుని ఉండకూడదు. రేపు నీకు పెళ్ళయి వేరే ఊరు పోతావు, లేదా ఉద్యోగం వస్తుంది. అప్పుడు ఆ పేజీ ఏమవుతుంది?

అందుకని ఆ బరువు మెల్లగా దించుకో. డబ్బు సంఘం బ్యాంకు ఖాతాకే పడాలి, నీ నంబరు ఉన్న క్యూఆర్ కోడ్‌కు కాదు. ఆర్డర్లు వారానికోసారి చదువు రాని వాళ్ళకూ తెలిసేలా నోటితో చెప్పు, కోయ భాషలో వాయిస్ పెట్టి గ్రూపులో పంపు. వాళ్ళలో చదువుకున్న అమ్మాయిలు ఇద్దరున్నారు కదా, పదో తరగతి దాకా. ప్యాకింగ్ ఫోటోలు వాళ్ళనే తీయనివ్వు. వంకరగా వస్తాయి, రానీ. కస్టమర్‌కు జవాబు వాళ్ళనే చెప్పనివ్వు. సిగ్నల్ లేదంటావు, నిజమే. సిగ్నల్ లేని పల్లెలకు 4జీ తేవాలని 2022 జులైలో కేంద్రం 24,680 ఊళ్ళకు 26,316 కోట్లు ఒప్పుకుంది. అందులో మన అడవి అంచు ఊళ్ళకు టవరు వచ్చేదాకా, గుట్టెక్కి మెసేజ్ పంపే పని ఉంటుంది. ఆ గుట్ట నువ్వొక్కదానివే ఎక్కకు, వాళ్ళనూ తీసుకెళ్ళు.

నీ కష్టానికి నీకు జీతం రావాలి, అది వేరే మాట. ఊరికే సేవ చేస్తున్నానని చెప్పుకోకు. ఊరికే చేసేవాళ్ళను లెక్క అడగడానికి జనం మొహమాటపడతారు. నెలకు ఇంత అని సంఘం మీటింగులో తీర్మానం రాయించుకుని తీసుకో. జీతం తీసుకునే మనిషిని ఎవరైనా ధైర్యంగా నిలదీస్తారు. నిలదీయనీ.

మీ అమ్మమ్మకు లడ్డూలు బాగా నచ్చాయి, పళ్ళు లేకపోయినా ముక్కలు చేసుకుని తింటోంది. ఇంకో రెండు డబ్బాలు పంపు. మనవరాలివి కదా అని డబ్బు వద్దంటావు, నాకు తెలుసు. సంఘం ఖాతా నంబరు రాసి పంపు, అందులో వేస్తాను. రశీదు మాత్రం ఆ ఇద్దరు అమ్మాయిల్లో ఒకరి చేతే రాయించు.

మీ తాతయ్య